కరెంటు తీసేస్తే తీగ చచ్చినట్టేనా?

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత రెండో రోజు నెల్లూరు జిల్లా అల్లూరు వైపు ఒక రొయ్యల చెరువు గట్టు మీద నిలబడి ఉన్నాను. 11 కేవీ, అంటే 11 వేల వోల్టుల, స్తంభం మీద రెండు తీగలను కలిపే జంపరు తెగి వేలాడుతోంది. కింద పది పన్నెండు మంది రైతులు, ఒక లైన్‌మన్, అతనికి సాయంగా వచ్చిన కుర్రవాడు. నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఎక్కువసేపు ఆగితే చెరువులో ప్రాణవాయువు తగ్గిపోయి రొయ్య పైకి తేలుతుంది. అందుకని అందరి ముఖాల్లోనూ తొందరే. లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కు ఫోను చేశాడు. అవతలి మనిషి చెప్పిన నంబరును తానూ ఒకసారి పైకి చెప్పి, జేబులోని చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. "కరెంటు తీసేశారు కదా అన్నా, ఇంకేం, ఎక్కు" అన్నారొకరు.

అతను ఎక్కలేదు. రెండు స్తంభాల అవతల, లైనును విడదీసే ఏబీ స్విచ్ దగ్గరికి నడిచాడు. మీట కిందికి లాగి తాళం వేసి, తలెత్తి పైనున్న మూడు కత్తులనూ ఒక్కొక్కటిగా చూశాడు. తిరిగి వచ్చి, గట్టున మోగుతున్న జనరేటర్లు ఎవరెవరివో అడిగాడు. పొడవాటి కర్ర చివర బిగించిన, కరెంటు ఉంటే కూసే డిటెక్టరుతో మూడు తీగలనూ పరీక్షించాడు. కుర్రవాడి చేత నేలలో కడ్డీ దిగగొట్టించి, తీగలను నేలకు కలిపే ఎర్త్ రాడ్లు ఎక్కించాడు. అతని చెయ్యి జంపరును తాకేసరికి ఇరవై అయిదు నిమిషాలు గడిచాయి. జంపరు బిగించడానికి పట్టింది మాత్రం ఏడు నిమిషాలు.

గట్టు మీదివాళ్ల లెక్కలో ఆ ఇరవై అయిదు నిమిషాలూ దండగ. నేను రాయాలనుకున్నది వాటి గురించే. కరెంటు పనివాళ్లు పారే కరెంటును ముట్టుకుని చనిపోతారని మనం అనుకుంటాం. పారుతున్నదని తెలిసిన తీగంటే ఎవరికైనా భయమే, ఆ భయమే వాళ్లను కాపాడుతుంది. నిజంగా ప్రాణం మీదికి తెచ్చేది, కరెంటు లేదని అందరూ నమ్మిన తీగ.

ఎల్‌సీ అనే మాట ఎంతవరకు

మన ఊళ్ల కరెంటు 33 కేవీ లైను మీద సబ్‌స్టేషన్‌కు వస్తుంది. అక్కడ 11 కేవీకి దిగి, ఫీడర్లుగా చీలి పొలాల మీదుగా వెళుతుంది. ఊళ్లోని ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 433 వోల్టులకు దించుతుంది. ఇంట్లో ఒక ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య వచ్చేది సుమారు 230. ఇక్కడే ఒక చిన్న మెలిక ఉంది. 11 కేవీ అన్నది తీగకూ తీగకూ మధ్య లెక్క. తీగకూ నేలకూ మధ్య ఉండేది 6,350 వోల్టులు. నేలతోనో స్తంభంతోనో సంబంధం ఉన్న మనిషికి వర్తించేది ఈ రెండో అంకె.

లైను మీద పని చేయాలంటే ఆ ఫీడరుకు లైన్ క్లియర్ తీసుకోవాలి. అందరూ ఎల్‌సీ అనేది దాన్నే. సబ్‌స్టేషన్‌లో షిఫ్టు ఆపరేటరు బ్రేకరు (కరెంటును తెంచే పెద్ద స్విచ్) తెరిచి, తీగను కంటికి కనిపించేలా విడదీసే ఐసొలేటరు కూడా తీసి, ఎవరికి ఏ సమయానికి ఏ నంబరుతో ఇచ్చాడో లాగ్ పుస్తకంలో రాస్తాడు. హ్యాండిలుకు 'మనుషులు పనిచేస్తున్నారు' అనే బోర్డు తగిలిస్తాడు. పని ముగిశాక ఎల్‌సీ తీసుకున్న మనిషే దాన్ని తిరిగి అప్పగించాలి. అప్పటిదాకా ఎవరు ఫోను చేసి బతిమాలినా, బెదిరించినా ఆ బ్రేకరు వేయకూడదు.

మంచి పద్ధతే. కానీ ఎల్‌సీ ఇచ్చే హామీ ఒక్కటే: సబ్‌స్టేషన్ వైపు నుంచి ఈ తీగలోకి కరెంటు పంపను అని. మిగతా దిక్కుల సంగతి ఆ నంబరుకు తెలియదు. తీగకు రెండు కొసలుంటాయి, మధ్యలో వందల కొమ్మలుంటాయి, పైనా కిందా పక్కనా వేరే తీగలుంటాయి.

మొదట ఏబీ స్విచ్ సంగతి. మూడు ఫేజులకు మూడు కత్తులు, మూడింటినీ కలిపి తిప్పే ఒకే గొట్టం, కింద చేతికందే మీట. మీట కిందికి దిగితే మూడూ తెరుచుకున్నట్టే అని నమ్మడం సహజం. ఇసకపల్లి ఉప్పు కొటార్ల వైపు, రామాయపట్నం వైపు తీరం వెంబడి ఉప్పుగాలి ఇనుమును ఎంత త్వరగా తినేస్తుందో ఆ ఊళ్లవాళ్లకు తెలుసు. తుప్పు పట్టిన కీలు జారితే మీట కిందికి వచ్చినా ఒక కత్తి మాత్రం దవడలోనే ఇరుక్కుని ఉండిపోతుంది. అందుకే ఆ లైన్‌మన్ తలెత్తి చూసింది. కత్తికీ దవడకూ మధ్య ఆకాశం కనిపించాలి, మూడు చోట్లా. తెల్లవారుజామున మంచులోనో, చీకట్లో సెల్‌ఫోను వెలుతురులోనో ఇది కనిపించదు. కనిపించనప్పుడు తెరుచుకోలేదనే అనుకోవాలి.

పోయిన ఫేజు

రెండో దారి ఇంతకంటే మాయదారిది. చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడ తడబడడం చూశాను, కాబట్టి నిదానంగా చెబుతాను.

ఊళ్లో ఒక ఫేజు పోయింది. చాలా ఇళ్లలో దీపాలు మసకబారాయి, మోటారు మూలుగుతోంది. వెళ్లి చూస్తే ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీద 11 కేవీ వైపున్న ఒక హెచ్‌జీ ఫ్యూజు కాలిపోయి ఉంది. మూడింటిలో రెండు ఫేజులు వస్తున్నాయి, మూడోది లేదు. కాలిన ఫ్యూజుకు ట్రాన్స్‌ఫార్మర్ వైపున్న తీగ కొసలో కరెంటు ఉందా?

లేదనే చాలామంది అంటారు, పైనుంచి వచ్చే దారి తెగింది కాబట్టి. కానీ ట్రాన్స్‌ఫార్మర్ లోపల హైటెన్షన్ వైపు మూడు చుట్టలూ ముక్కోణంలా ఒకదానికొకటి కలిసి ఉంటాయి. ఒక్కో మూలకు ఒక్కో తీగ. ఒక మూలకు సరఫరా ఆగినా, మిగతా రెండు మూలల నుంచి చుట్టల గుండా కరెంటు ఆ మూలకు చేరుతుంది. రెండు వైపుల నుంచీ సమానంగా వస్తుంది కాబట్టి ఆ మూల ఆ రెండింటి నడుమ నిలుస్తుంది. లెక్క కడితే నేలతో పోల్చినప్పుడు సుమారు మూడు వేల వోల్టులు. ముందు గుమ్మానికి తాళం పడింది, పెరటి తలుపు మాత్రం తీసే ఉంది. ఫేజు పోయిందనే మాట ఇంట్లో దీపం గురించి సరైనదే. దిమ్మె ఎక్కిన మనిషికి అదే మాట ప్రాణాంతకం. ఏబీ స్విచ్ తీసి మూడు ఫేజులనూ ఆపకుండా, ఉన్న రెండింటికి దూరంగా ఉంటే చాలని పోయిన ఫేజు మీద చెయ్యి వేసేవాడు మూడు వేల వోల్టుల మీద వేస్తున్నాడు.

మూడో దారి జనరేటరు. నెల్లూరు, ప్రకాశం తీరంలో దీని గురించి ఎంత చెప్పినా తక్కువే, ఎందుకంటే ఇక్కడ రొయ్యల చెరువుకొక జనరేటరు ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎటు పైనో ఎటు కిందో తెలియదు. 11,000 ఒకవైపు ఇస్తే రెండోవైపు 433 ఇస్తుంది. 400 వోల్టులు రెండోవైపు నుంచి ఎక్కిస్తే, మొదటివైపు పది వేలకు పైగా చూపిస్తుంది. చెరువు దగ్గర, లైనునూ జనరేటరునూ ఒకేసారి కలవనివ్వని చేంజ్ ఓవర్ స్విచ్ లేకుండా, జనరేటరు తీగలను నేరుగా మోటారు బోర్డులోకి గుచ్చి నడిపారనుకోండి. ఆ కరెంటు సర్వీసు తీగ వెంట ట్రాన్స్‌ఫార్మర్‌కు చేరి, పది వేల వోల్టులై, ఎల్‌సీ ఇచ్చిన 11 కేవీ తీగలోకి వెనకనుంచి ఎక్కుతుంది. చిన్న జనరేటరైతే ఊరంతటి భారం మీద పడి ఆగిపోవచ్చు. కానీ తుపాను తర్వాత తీగలు ఎక్కడికక్కడ తెగి ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మర్ అవతల మోయడానికి భారమే లేకపోతే జనరేటరు సుఖంగా తిరుగుతూనే ఉంటుంది. పైన ఉన్న మనిషే దానికి మొదటి భారం.

మేడల మీది సోలార్ పలకల గురించి కూడా ఇదే అనుమానం చాలామందికి ఉంది. లైనులో కరెంటు పోగానే తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు గ్రిడ్‌కు కలిపే ఇన్వర్టర్లలో తప్పనిసరి. అది పనిచేస్తున్నంతకాలం భయం లేదు. నాకు భయమల్లా, ఇంట్లో దీపాలు వెలిగితే చాలని ఎవరో సొంత తెలివితో కలిపిన బ్యాటరీ ఇన్వర్టర్ల గురించే.

తక్కినవి త్వరగా చెప్పేస్తాను. 33 కేవీ లైను పక్కనే చాలా దూరం సాగే 11 కేవీ తీగలో, ఏ తగులూ లేకుండానే వందల వోల్టులు పుట్టగలవు. రెండు లైన్లు అడ్డంగా దాటే చోట గాలికి సాగిన పై తీగ కింది దాన్ని తాకవచ్చు. కొన్ని ఫీడర్లకు వేరే సబ్‌స్టేషన్ నుంచి కూడా సరఫరా ఇచ్చే వీలుంటుంది. తుపాను వేళ ఆ వీలును వాడి అవతలి ఊరికి కరెంటు ఇచ్చారంటే, ఆ సంగతి ఈ ఊరి స్తంభం మీదున్నవాడికి చేరాలి. ఎక్కడో అవతల పిడుగు పడినా అది తీగ వెంట ఇక్కడికి ప్రయాణించగలదు.

ఇక మనుషులు. ఒకే ఫీడరు మీద రెండు చోట్ల రెండు జట్లు పనిచేస్తున్నాయి, ఇద్దరూ ఎల్‌సీ తీసుకున్నారు. మొదటి జట్టు పని ముగించి ఫోను చేసింది. ఆపరేటరుకు అదే షిఫ్టు మొదలు. లాగ్ పుస్తకంలో పై గీత చూశాడు, కింది గీత చూడలేదు. ఒకే స్తంభాల మీద రెండు ఫీడర్లు నడిచే చోట ఒకదానికి ఎల్‌సీ తీసుకుని రెండోదాని మీద చెయ్యి వేయడం కూడా ఈ కోవలోదే. ఫీడర్ల పేర్లూ ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి: ఊరి పేరు వన్, ఊరి పేరు టూ, ఊరి పేరు అగ్రికల్చర్. తుపాను తర్వాత వేరే జిల్లాల నుంచి జట్లు వస్తాయి. వాళ్లు పనిలో తక్కువవాళ్లేమీ కాదు. అయితే ఏ తీగ ఎక్కడినుంచి వస్తుందో వాళ్ల బుర్రలో పటం ఉండదు. అలాంటప్పుడు ఊరి లైన్‌మన్ వాళ్లవెంట ఉండడం సాయానికి కాదు, ఆ పటం కోసం.

అందుకని డిటెక్టరు. డిటెక్టరుకూ ఒక లెక్కుంది. ముందు కరెంటు ఉందని ఖాయంగా తెలిసిన తీగ దగ్గర పెట్టి అది కూస్తోందో లేదో చూడాలి. తర్వాత పనిచేయాల్సిన తీగలు, మూడూ. తర్వాత మళ్లీ మొదటి తీగ. బ్యాటరీ అయిపోయిన డిటెక్టరు కూడా మౌనంగానే ఉంటుంది మరి.

మూడు తీగలకు ఒక ముడి

ఎర్త్ రాడ్లు వేయడమంటే తీగలో మిగిలిన కరెంటును నేలలోకి దించేయడం అనుకుంటాం. ఆ పనీ జరుగుతుంది, కానీ అసలు ఉద్దేశం వేరు. అన్నీ సరిచూసుకున్నా సరే, ఎవరో పొరపాటున లైను ఛార్జి చేస్తే, అంటే మళ్లీ కరెంటు వదిలితే, పైనున్న మనిషి బతకాలి. ఎర్త్ రాడ్లు రేపటి పొరపాటుకు ఈరోజు చేసే ఏర్పాటు.

అది ఎలా పనిచేస్తుందో తెలియకపోవడం వల్లే సగం చోట్ల దాన్ని మొక్కుబడిగా చేస్తారు: ఒక తీగకు ఒక కొక్కెం తగిలించి, రెండో కొస నేలలో గుచ్చేసి. ఎక్కడ గుచ్చుతున్నాం? కనిగిరి, పొదిలి వైపు వేసవిలో నేల రాయిలా ఉంటుంది. అక్కడ పాతిన చిన్న కడ్డీకి పాతిక ఓమ్‌ల నిరోధం ఉందనుకుందాం. 6,350 వోల్టులు వచ్చి పడితే సుమారు 250 ఆంపియర్లు నేలలోకి పారతాయి. బ్రేకరు పడి కరెంటు ఆగుతుంది, నిజమే. కానీ పడేలోపు ఆ తీగ మీద వోల్టేజీ పెద్దగా తగ్గదు. దాన్ని పట్టుకున్న మనిషి శరీరానికి వెయ్యి ఓమ్‌లు లెక్క వేస్తే, అతని గుండా ఆరు ఆంపియర్లు వెళతాయి. చంపడానికి అందులో వందో వంతు చాలు. నీటికి రెండు కాలువలుంటే పెద్ద కాలువలోనే ఎక్కువ పారుతుంది. అంతమాత్రాన చిన్న కాలువ ఎండిపోదు.

అదే మూడు తీగలనూ ముందు ఒకదానికొకటి గట్టిగా కలిపేసి, ఆ ముడిని నేలకు దించితే కథ మారుతుంది. మూడు ఫేజుల కరెంటూ ఒకే తాళంలో నడవదు, ఒకదాని వెనక ఒకటి సమాన దూరంలో ఊగుతుంది. ఏ క్షణంలో కూడినా మూడింటి మొత్తం సున్నా. ఒక ముడికి మూడు తాళ్లు కట్టి ముగ్గురు సమాన బలంతో మూడు దిక్కులకు లాగితే ముడి కదలదు కదా, అలా. ఆ ముడి దగ్గర వోల్టేజీ దాదాపు ఉండదు. మరోవైపు తీగల్లో వందలూ వేల ఆంపియర్లు పరుగెత్తి, సబ్‌స్టేషన్‌లో బ్రేకరు సెకనులో కొంత భాగంలోనే తెరుచుకుంటుంది. నేల రాయైనా ఇసుకైనా ఈ భాగం పనిచేస్తుంది.

ముడి దగ్గర అన్నాను. దూరం వెళ్లేకొద్దీ ఆ రక్షణ పలచబడుతుంది. అందుకే పనిచేసే చోటుకు అటూ ఇటూ రెండు వైపులా, వీలైనంత దగ్గరగా రాడ్లు వేయాలనేది. కరెంటు ఏ దిక్కునుంచి వస్తుందో మనకు తెలియదు కాబట్టి కూడా. వరస కూడా ముఖ్యమే: ముందు నేల కొస, తర్వాత తీగలు. తీసేటప్పుడు ముందు తీగలు, చివర నేల. తిరగేస్తే, నేలకు తగలని రాడ్డు చేతిలో పట్టుకుని తీగకు తగిలించినవాడే ఎర్త్ అవుతాడు. పని మొదలుపెట్టే ముందు ఆ తీగనూ, ప్రమాదముంటే పక్క తీగనూ ఎర్త్ చేయాలన్నది కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనల్లో ఉంది. 2010 నాటి నిబంధనల స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి, ఈ పని మాత్రం తప్పలేదు.

కొట్టడం, పట్టేయడం

మనకు రెండు మాటలున్నాయి: కరెంటు కొట్టింది, కరెంటు పట్టేసింది. రెండూ నిజమే. ఒక మిల్లీ ఆంపియరు దగ్గర చర్మం చిమచిమలాడుతుంది. పది దాటితే చేతి కండరాలు బిగుసుకుంటాయి. వేళ్లను ముడిచే కండరాలు తెరిచే వాటికంటే బలమైనవి కాబట్టి పిడికిలి మూసుకుపోతుంది, వదలాలనుకున్నా వదలదు. పట్టేయడమంటే ఇదే. తీగ లాగదు, మన చెయ్యే దాన్ని వదలదు. ముప్పై దగ్గర ఊపిరి తీసే కండరాలు మొరాయిస్తాయి. ఇళ్లలో పెట్టే ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్‌ను ముప్పై దగ్గర పడేలా చేసింది అందుకే. యాభై నుంచి వంద మధ్య గుండె లయ తప్పి, కొట్టుకోవడం మాని వణకడం మొదలుపెడుతుంది. 230 వోల్టులకు వెయ్యి ఓమ్‌ల లెక్కన పారేది 230 మిల్లీ ఆంపియర్లు. ఎల్‌టీ (ఇళ్లకు వచ్చే తక్కువ వోల్టేజీ) తీగే కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్లు ఈ భాగహారం ఒకసారి చేసి చూడాలి.

హైటెన్షన్ తీగ మనిషిని గజం దూరం నుంచి లాగేసుకుంటుందని మా ఊళ్లో ఇప్పటికీ చెబుతారు. 11 కేవీ గాలిలో ఒకటి రెండు సెంటీమీటర్లకు మించి దూకదు. దూరం పాటించమనేది అది దూకుతుందని కాదు, మనం తూలుతామని, చేతిలో ఇనుప నిచ్చెనో తడిసిన తాడో ఉంటుందని. మరో విషయం, స్తంభం మీద చిన్న షాకు అంటూ ఏదీ లేదు. ఎల్‌టీ స్తంభం ఎనిమిది మీటర్లు, 11 కేవీ స్తంభం 9.1 మీటర్లు. నేలమీద అయితే చెయ్యి దులుపుకుని పోయే దెబ్బ అక్కడ తల పగలగొడుతుంది. బెల్టు కట్టుకున్నా, మెలకువ తప్పినవాడు దానికి వేలాడుతూ ఊపిరాడక పోవచ్చు.

గ్లవ్స్ గురించి పెద్ద అపోహ ఉంది. నల్ల రబ్బరు గ్లవ్స్ అన్నీ ఒకటి కావు. ఎల్‌టీ పనికి వాడే జీరో తరగతి గ్లవ్స్ వెయ్యి వోల్టుల వరకే. 11 కేవీకి పదిహేడు వేల వోల్టులకు సరిపోయే రెండో తరగతివి కావాలి, పైన తోలు తొడుగుతో సహా. వేసుకునే ముందు మణికట్టు దగ్గర చుట్టి, లోపల గాలి బంధించి, చెవి దగ్గర పెట్టుకుని నొక్కాలి. సూది మొనంత చిల్లున్నా బుస్సుమంటుంది. పట్టుమని పది సెకన్ల పని. ఇంత చేసి, రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో, మధ్యాహ్నం రెండింటికి ఒంగోలు చుట్టుపక్కల ఏ స్తంభం మీదైనా ఆ గ్లవ్స్‌తో ఒక నట్టు బిగించి చూడండి. అయిదు నిమిషాల్లో లోపల చెమట ఊరి వేళ్లు జారతాయి. చిన్న నట్టు పట్టు దొరకదు. తీసేసి నోటితో పట్టుకుంటారు. అది నిర్లక్ష్యం అనడం తేలిక. చెమటకు తడిసిన చర్మం నిరోధం కూడా పడిపోతుందని వాళ్లకు తెలియకపోవచ్చు. కానీ ఆ గ్లవ్స్‌తో పని సాగదని మాత్రం బాగా తెలుసు. నా ఉద్దేశంలో గ్లవ్స్‌ను చివరి కంచెగా చూడాలి. ఎర్త్ రాడ్లు వేయకుండా గ్లవ్స్ ఇచ్చి పైకి ఎక్కించడం, ఈత రానివాడికి గొడుగు ఇచ్చి చెరువులో దించడం లాంటిది.

తెగిపడిన తీగ, పడని బ్రేకరు

"తీగ తెగిపడితే సబ్‌స్టేషన్‌లో దానంతట అదే ఆగిపోదా?" అని ప్రతి ప్రమాదం తర్వాతా అడుగుతారు. ఆగాలి. కానీ ప్రతిసారీ ఆగదు. బ్రేకరును పడేసే రిలేకు కళ్లు లేవు, అది ఆంపియర్లనే చూస్తుంది. తడిసిన ఉప్పునేల మీద తీగ పడితే బోలెడు కరెంటు నేలలోకి వెళుతుంది, రిలే గుర్తుపడుతుంది. ఎండిన ఎర్రమట్టి మీదో, తారు రోడ్డు మీదో, ఎండుగడ్డి మీదో పడితే తగులు దగ్గర నిరోధం వందల ఓమ్‌లు. ఆరు వందలు అనుకుంటే పారేది పది ఆంపియర్లే. ఫీడరు మీద మామూలుగా పారే వంద రెండు వందల ఆంపియర్ల మధ్య ఆ పదీ ఏదో మోటారు ఆన్ చేసినట్టే కనిపిస్తుంది. పైగా బ్రేకరు పడినా, కొమ్మో పక్షో తగిలి ఉంటుందని కొద్ది నిమిషాల తర్వాత ఆపరేటరు ఒకసారి ఛార్జి చేసి చూడడం ఉంది. కదలని తీగ దగ్గరికి కర్ర పుచ్చుకుని వెళ్లినవాడి లెక్క అక్కడ తప్పుతుంది.

అలా పడిన తీగ చుట్టూ నేల కూడా వోల్టేజీతో ఉంటుంది, తీగకు దగ్గరగా ఎక్కువ, దూరంగా తక్కువ. ఒక కాలు దగ్గరగా, ఒక కాలు దూరంగా వేస్తే ఆ తేడా కాళ్ల గుండా పారుతుంది. గేదెలు ముందు చనిపోయేది దీనివల్లే: ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య దూరం ఎక్కువ, దారిలో గుండె ఉంటుంది. పది మీటర్ల అవతలే ఆగాలి, 1912కు ఫోను చేయాలి. తెలియక దగ్గరికి వచ్చేశాక తెలిస్తే పరుగెత్తకూడదు. రెండు పాదాలూ ఆనించి, నేల మీది నుంచి ఎత్తకుండా, అరడుగు అరడుగుగా ఈడ్చుకుంటూ వెనక్కి పోవాలి. తన తీగే కదా అని ధీమాగా నడిచి వెళ్లే లైన్‌మన్‌కు కూడా ఈ నియమం వర్తిస్తుంది.

ఎవరు ఎక్కుతున్నారు

2019లో గ్రామ, వార్డు సచివాలయాలతో పాటు ఎనర్జీ అసిస్టెంట్లు వచ్చారు, అంటే జూనియర్ లైన్‌మన్ గ్రేడ్ టూ. ఎంపికలో స్తంభం ఎక్కించి చూశారు, సైకిలు తొక్కించి చూశారు, మీటరు రీడింగు తీయించి చూశారు. ఎక్కడం వచ్చా అని పరీక్షించారు సరే. ఊరి పెద్ద పక్కన నిలబడి ఒత్తిడి చేస్తుంటే, ఎర్త్ రాడ్లు లేవు కాబట్టి ఎక్కను అని చెప్పడం వచ్చా అన్నది ఏ పరీక్షలోనూ లేదు. ఇరవై మూడేళ్ల కుర్రవాడికి అది స్తంభం ఎక్కడం కంటే కష్టం.

వీళ్లకు కింద, ఏ రిజిస్టరులోనూ పేరు లేని మనుషులు ఇంకా ఉన్నారు. లైన్‌మన్‌కు వయసు మీద పడింది, లేదా చూడాల్సిన ఊళ్లు ఎక్కువ. అతను కింద నిలబడి ఫోనులో ఎల్‌సీ తీసుకుంటే, రోజుకు ఇంత అని ఇచ్చి పెట్టుకున్న ప్రైవేటు కుర్రవాడు పైకెక్కుతాడు. నేను ఎరిగిన ఊళ్లో ఒకతను ఇలాగే పదేళ్లు ఎక్కాడు. ఒక సాయంత్రం జారి పడ్డాడు. అతను అక్కడ ఎందుకున్నాడో కాగితం మీద సమాధానం లేదు. విద్యుత్ చట్టం, 2003 లోని 161వ సెక్షను ప్రకారం ప్రమాదాన్ని తెలియజేయాలి, విద్యుత్ తనిఖీ అధికారి విచారించవచ్చు. పనిలో లేనివాడు పనిచేస్తూ పడ్డాడని ఎవరు రాస్తారు?

వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర రైతులే ఫ్యూజు వేసుకోవడం మరో సంగతి. ఫ్యూజు తీగ బదులు అల్యూమినియం పోగు రెండు మెలికలు తిప్పి చుట్టేస్తారు. అది ఎన్నడూ కాలదు. కాలాల్సింది కాలకపోతే దాని బదులు పైన కండక్టరు కాలి తెగుతుంది, దారిన పోయేవాడి మీద పడుతుంది. గట్టు మీద "ఎక్కు" అన్న రైతులను తప్పుపట్టలేను, చెరువులో ఉన్నది వాళ్ల అప్పంతా. అయితే ఆ తొందరకు కళ్లెం వేయాల్సింది పైనున్న మనిషి ఒక్కడేనా? ఒక చేంజ్ ఓవర్ స్విచ్ ఖరీదును ఒక మేత బస్తా ఖరీదు పక్కన పెట్టి చూసుకోవచ్చు.

పడిన తర్వాత

స్తంభం మీద ఒకరికి షాకు తగిలితే కిందివాడు చేసే మొదటి తప్పు, వెంటనే ఎక్కడం. లైను ఆగిందని రూఢి కాకుండా ఎక్కితే ఇద్దరవుతారు. ఎండు కర్రతో తోయమనే సలహా ఇంటి కరెంటుకే, 11 కేవీ దగ్గర కర్రను నమ్మకూడదు. లైను ఆగాక, బెల్టుకు తాడు కట్టి నెమ్మదిగా దించాలి. శ్వాస లేకపోతే అక్కడే, నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్యన రెండు అరచేతులతో అయిదు సెంటీమీటర్లు లోపలికి దిగేలా, నిమిషానికి వంద నుంచి నూట ఇరవై సార్లు నొక్కాలి. 108 వచ్చేదాకా ఆపకూడదు. లయ తప్పిన గుండె విషయంలో ఒక్కో నిమిషం ఆలస్యం ఎంతో ఖరీదైనది. పల్లెకు అంబులెన్సు ఎంతసేపట్లో చేరుతుందో ఊళ్లోవాళ్లకు తెలుసు, కాబట్టి జట్టులో ఒక్కరికి కాదు, అందరికీ ఈ నొక్కడం వచ్చి ఉండాలి.

మెలకువగా ఉన్నవాడితో ఇంకో చిక్కు. అరచేతిలో నల్లగా చిన్న గుంట, పాదం అడుగున మరొకటి. "ఏమీ కాలేదు, ఇంటికి పోతాను" అంటాడు. పైన కనిపించేది కరెంటు లోపలికి వెళ్లిన గుమ్మం, బయటకు వచ్చిన గుమ్మం మాత్రమే. ఆ రెండింటి మధ్య కండరం లోపల ఎంత ఉడికిందో చర్మం చెప్పదు. చితికిన కండరం రక్తంలో కలిసి మూత్రపిండాలను పూడుస్తుంది. మర్నాడు మూత్రం ముదురు టీ డికాక్షన్ రంగులో వస్తే ఆ పని మొదలైందన్నమాట. గుండె లయ కొన్ని గంటల తర్వాత కూడా తప్పవచ్చు. అతన్ని ఇంటికి కాదు, ఈసీజీ తీసే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏ వోల్టేజీ, ఎక్కడ తగిలింది, ఎంత ఎత్తు నుంచి పడ్డాడు, ఎంతసేపు తెలివి తప్పాడు అన్నవి ఒక కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని వెంట వెళ్లే మనిషి చేతిలో పెట్టాలి.